పరీక్ష నెగ్గిన మందుగుండు పాతబడితే?

1967 జులై 29న టోంకిన్ గల్ఫ్‌లో అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ డెక్ మీద, విద్యుత్ లోపం వల్ల ఒక ఫాంటమ్ విమానం నుంచి రాకెట్ దానంతటదే దూసుకెళ్లి, దాడికి సిద్ధంగా ఉన్న మరో విమానం ఇంధన ట్యాంకును చీల్చింది. మంటలు చుట్టుముట్టిన నిమిషంన్నరకే మొదటి బాంబు పేలి, ఆర్పడానికి ముందుకెళ్లిన సిబ్బందిని బలిగొంది. మొత్తం 134 మంది చనిపోయారు. పేలిన వాటిలో అంతకుముందు రోజే సరఫరా నౌక నుంచి ఎక్కించుకున్న, ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పాత బాంబులున్నాయి. కొత్తవి చాలకపోవడంతో వాటినే తీసుకున్నారు.

శత్రువు చేతిలో కాక మన చేతిలోనే పేలే ముప్పును అంచనా వేసే పద్ధతులు ఇలాంటి అనుభవాల నుంచే రూపుదిద్దుకున్నాయి. నాటో ప్రమాణాల ప్రకారం మందుగుండును ఇంధన మంటలో కాలుస్తారు, నెమ్మదిగా వేడి చేస్తారు, తూటాలతోనూ శకలాలతోనూ కొడతారు, పక్కనున్నది పేలితే ఇదీ పేలుతుందా అని చూస్తారు. ఫలితాన్ని పూర్తి విస్ఫోటనం మొదలుకొని కేవలం కాలిపోవడం దాకా తరగతులుగా విభజిస్తారు. వీటిలో నెమ్మదిగా వేడి చేసే పరీక్ష సామాన్య బుద్ధికి అందదు. గంటకు కొద్ది డిగ్రీల చొప్పున వేడెక్కిస్తే తేలికగా బయటపడాలి కదా అనిపిస్తుంది. కానీ ఉధృతమైన మంటలో పైపొర ముందు అంటుకుని కవచం తెరుచుకునే అవకాశం ఉంటే, నెమ్మదిగా కాగినప్పుడు లోపలి పదార్థమంతా ఒకేసారి ప్రమాదపుటంచుకు చేరుతుంది. పక్క గోదాములో రగులుతున్న మంట వేడి చేసేది ఇలాగే. అందుకే ఒక్క మంట పరీక్ష నెగ్గిందని చూపి భద్రమని ప్రకటించడం నా దృష్టిలో అర్ధసత్యం.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటుంది. ఈ పరీక్షలు ప్రధానంగా కొత్త నమూనాల మీద జరుగుతాయి, సైన్యం వాడేదేమో దశాబ్దాల నాటి నిల్వ. 2016 మే 31న మహారాష్ట్రలోని పుల్గావ్ కేంద్ర ఆయుధాగారంలో అగ్నిప్రమాదం అధికారులను, అగ్నిమాపక సిబ్బందిని పొట్టనపెట్టుకుంది. అక్కడి ట్యాంకు విధ్వంసక మందుపాతరల నుంచి టీఎన్‌టీ కారుతుండేదని తర్వాత వార్తలొచ్చాయి. కవచం దాటి బయటకొచ్చిన పేలుడు పదార్థానికి తయారీనాటి ధ్రువపత్రం ఏ హామీ ఇస్తుంది?

కాబట్టి డిపోల్లోని పాత నిల్వ నుంచే నమూనాలు తీసి, నిర్ణీత కాలానికోసారి మళ్లీ పరీక్షించాలి. పనికిరాదని తేలిన లాటును పక్కనపెట్టే అధికారం, నిల్వ తగ్గుతుందని భయపడే విభాగం చేతిలో కాక వేరే సంస్థ చేతిలో ఉండాలి. ఖర్చు ఎక్కువే, వాదన కూడా వస్తుంది. అయినా కారుతున్న మందుపాతరను షెడ్డులో ఉంచి, దాన్ని లెక్కల్లో యుద్ధ నిల్వగా చూపించుకోవడం కంటే తగ్గిన నిల్వతో బతకడమే సైన్యానికి సులువు.