జేబులో చాకు ఉంటే కేసేనా? ఆ ఫార్వర్డ్‌కి జవాబు

ఎన్నికలు గానీ ఊరేగింపులు గానీ దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్ళీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "జేబులో గానీ బండి డిక్కీలో గానీ ఏ రకం కత్తి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే. మూడంగుళాలు దాటితే జైలే. పనివాళ్ళకి ఈ రోజుల్లో చాకు అవసరం లేదు, కట్టర్ బ్లేడు చాలు. పాత ఇనప చాకు తుప్పు తగిలితే ధనుర్వాతం వస్తుంది. ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నామని చెబితే మాత్రం పోలీసులు ఏమీ అనరు." కింద "అందరికీ పంపండి" అని ఎలాగూ ఉంటుంది.

ఇది చదివి భయపడేది రౌడీలు కాదు, చాకు లేనిదే పూట గడవనివాళ్ళు. గీత కార్మికుడు, నర్సరీలో అంట్లు కట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, వల బాగుచేసుకునేవాడు, వైరింగ్ పనివాడు. వాళ్ళ కోసమైనా ఒక్కో మాటా తీసి చూడాలి.

"ఏ రకం కత్తి దొరికినా కేసే."

చట్టం ఆ మాట ఎక్కడా అనలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లోనే ఆయుధం అంటే ఏమిటో చెప్పింది. దాడికో రక్షణకో ఆయుధంగా తయారుచేసినది, లేదా ఆయుధంగా పనికొచ్చేలా మార్చుకున్నది. తుపాకులతో పాటు పదునైన మారణాయుధాలూ అందులోకి వస్తాయి. అయితే అదే నిర్వచనంలో మినహాయింపు కూడా ఉంది: కేవలం ఇంటి వాడకానికో వ్యవసాయానికో తయారైన వస్తువులు ఆయుధాలు కావు. లాఠీని, మామూలు చేతికర్రని ఉదాహరణగా చూపించింది కూడా. ఫార్వర్డ్ రాసినవాళ్ళు మొదటి సగం చదివి ఆపేశారు, లేదా అసలు చదవలేదు.

దాని తర్వాత నియమావళి. ఆయుధాల నియమాల మొదటి షెడ్యూలులో ఐదో కేటగిరీ తుపాకులు కాని ఆయుధాలది. కత్తులు, బాకులు, బల్లేలు, వాటితో పాటు 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న చాకుల్లాంటివి అందులో ఉన్నాయి. ఇక్కడా వెంటనే ఒక మెలిక: ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకి, పరిశ్రమలకి తయారైనవి ఈ లెక్కలోకి రావు. అంటే కొబ్బరి బొండాలు కొట్టే కత్తి ఎంత పొడవున్నా, ఎంత వెడల్పున్నా అది బొండాలు కొట్టే కత్తే. పైగా తుపాకులు కాని ఆయుధాలకి లైసెన్సు కావాలా వద్దా అన్నది నాలుగో సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఫలానా ప్రాంతానికి, ఫలానా రకానికి అని గెజిట్‌లో ప్రకటిస్తేనే తేలుతుంది. ఇన్ని మెట్లున్న విషయాన్ని "ఏ రకం కత్తి దొరికినా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

దీని అర్థం పోలీసు ఆపకూడదని కాదు. ఆపుతాడు, అడుగుతాడు, అడగాలి కూడా. రాత్రి పదకొండింటికి బార్ ముందు నడుములో దోపుకున్న కత్తికి, పొద్దున్నే మోకు, ముస్తాదు, లొట్టి లాంటి గీత సామానుతో పాటు తాటివనానికి పోయే కత్తికి తేడా చూడటం ఆయన పనిలో భాగం. వస్తువు ఒకటే అయినా సందర్భం సమాధానం చెబుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్ష పేరుతో కిట్లు పంచింది. చెట్టు మీంచి పడి చనిపోకుండా ఉండటానికి ఇచ్చిన తాళ్ళూ బెల్టులూ అవి. గీత కత్తి కట్టుకుని చెట్టెక్కేవాడు నేరస్థుడని ఎవరూ అనుకోలేదు కాబట్టే కదా అవి ఇచ్చింది.

"మూడంగుళాలు దాటితే జైలే."

ఈ మూడంగుళాలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో వెతికితే రెండు దారులు కనబడతాయి. ఒకటి ఢిల్లీ. 1980 అక్టోబరులో ఢిల్లీ పాలనా యంత్రాంగం బటన్ నొక్కితే తెరుచుకునే కత్తుల మీద, అలాంటి యంత్రం ఉన్న ఇతర కత్తుల మీద ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో కొలత 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు. 7.62 అంటే సరిగ్గా మూడంగుళాలు. ఢిల్లీ కోసం, ఒక రకం కత్తి కోసం రాసిన కొలతని ఆముదాలవలసలో మామిడికాయ కోసుకునే చాకుకి తగిలించారు.

రెండోది బ్రిటన్. అక్కడ 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో పదునైన వస్తువు దగ్గర ఉంచుకోవడమే నేరం. మూడంగుళాలు మించని అంచు ఉన్న మడతచాకుకి మాత్రం మినహాయింపు. లండన్‌లోనో లీసెస్టర్‌లోనో ఉన్న మనవాళ్ళకి ఇది నిజంగా అవసరమైన సంగతి కాబట్టి కాస్త ఆగి చెబుతాను. తెరిచాక లాక్ పడే చాకు అక్కడ మడతచాకు కిందకి రాదని కోర్టులు 1990లలోనే తేల్చాయి. రెండంగుళాలదైనా సరే, లాక్ ఉంటే మినహాయింపు పోయినట్టే. వేళ్ళు తెగకుండా కాపాడే లాక్ చట్టం దృష్టిలో చిక్కు తెచ్చిపెడుతుంది. తాతలనాటి చాకులకి లాక్ లేదు, వెనక స్ప్రింగు పట్టు మీద నిలుస్తాయి, కాబట్టి మూడంగుళాలు దాటకపోతే అవే అక్కడ నిక్షేపం. ఇక గోడౌన్‌లో పనిచేసేవాడు పని కోసం కట్టర్ పట్టుకెళ్తే "తగిన కారణం" కింద చెల్లుతుంది. అదే కట్టర్ శనివారం రాత్రి పబ్బుకి వెళ్ళేటప్పుడు కోటు జేబులో మర్చిపోతే చెల్లదు. గరిష్ఠ శిక్ష నాలుగేళ్ళు.

ఆరంగుళాలని చెప్పే ఇంకో రకం ఫార్వర్డ్ కూడా ఉంది. దానికి మూలం బహుశా విమానాల నియమం: దేశీయ విమానాల్లో సిక్కులు ఆరంగుళాల అలుగు, మొత్తం తొమ్మిదంగుళాలు మించని కిర్పాన్ ధరించవచ్చు. అది మత స్వేచ్ఛకి సంబంధించినది. రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే కిర్పాన్ ప్రస్తావన ఉంది. దానికీ మన చాకుకీ చుట్టరికం లేదు.

"చాకు అవసరం లేదు, కట్టర్ చాలు."

చట్టం గురించి తెలియకపోతే సరే, పని గురించి కూడా తెలియకుండా మాట్లాడటం ఇది. విరిచి వాడే బ్లేడు ఉన్న కట్టర్‌ని 1956లో జపాన్‌లో కనిపెట్టారు. కాగితం కోసే పనిలో మొద్దుబారిన కొసని విరిచేసి కొత్త పదును తెచ్చుకోవాలన్నది అక్కడి ఆలోచన. అద్భుతమైన వస్తువే, అట్టపెట్టెలకి దాన్ని మించింది లేదు. కానీ విరగడానికే పుట్టిన బ్లేడు కదా, పక్కకి ఒత్తిడి పడితే విరుగుతుంది.

కడియం, కడియపులంక నర్సరీలకి వెళ్ళి చూడండి. మామిడి అంటు కట్టేవాడి చేతిలో ఉండే చాకుకి ఒక పక్కే పదును ఉంటుంది, రెండో పక్క చదును. వేరుమొక్క మీద, కొమ్మ మీద ఒక్క లాగులో నున్నటి కోత పడాలి. బెరడు కింద పచ్చటి పొర ఈ రెండింటిలోనూ ఒకదానికొకటి ఆనితేనే అంటు పట్టేది. పల్చటి కట్టర్ బ్లేడు చెక్కలోకి వెళ్ళగానే వంగుతుంది, కోత గుంట పడుతుంది, సందులో గాలి చేరి అంటు ఎండిపోతుంది. గులాబీ మొగ్గంట్లు కట్టే చాకుల్లో కొన్నింటికి బెరడు మెల్లగా లేపడానికి వెనకవైపు ఎముకతోనో ఇత్తడితోనో చిన్న నాలుక కూడా ఉంటుంది. కట్టర్‌తో లేపితే బెరడు చీలుతుంది.

చెప్పులు కుట్టేవారి రంపె, అంటే తోలు కోసే కత్తి, సంగతీ అంతే. తోలు అంచు పల్చన చేయాలంటే అలుగు ఏటవాలుగా పడుకోవాలి, మీద బొటనవేలి బలం పడాలి. గీత కత్తి మరీ సున్నితం. తాటిగెల కొసని రోజూ పొర పొరగా చెక్కాలి. లోతుగా తెగితే గెల పాడవుతుంది, పైపైన గీస్తే కల్లు కారదు. ఆ పల్చటి పొర రావాలంటే అలుగుకి వెడల్పూ బరువూ క్షవరం కత్తిలాంటి పదునూ మూడూ కావాలి.

వైరింగ్ పనివాళ్ళ విషయంలో మాత్రం ఫార్వర్డ్ సగం ఒప్పు. చాకు తప్పనిసరి కాదు, వైరు తోలు తీయడానికి స్ట్రిప్పర్ మేలు. కట్టర్ బ్లేడు రాగి తీగలోకి దిగి గాటు పెడుతుంది, ఆ గాటు దగ్గరే తర్వాత తీగ విరుగుతుంది. చాకుతో కూడా అదే ప్రమాదం ఉంది గానీ, కాస్త మొద్దుగా ఉంచుకున్న చాకుని వైరు మీద వాల్చి, పెన్సిల్ చెక్కినట్టు ముందుకి తోసే పాత మేస్త్రీల పద్ధతిలో అది తక్కువ. కరెంటు ఉన్న వైరు మీద ఏ కత్తీ వద్దు, మామూలు చాకు పిడికి విద్యుత్తుని ఆపుతుందన్న హామీ లేదు.

"తుప్పు తగిలితే ధనుర్వాతం."

ధనుర్వాతం తెచ్చేది తుప్పు కాదు, క్లాస్ట్రిడియం టెటని అనే బ్యాక్టీరియా. దాని బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. మేకు మట్టిలో పడి ఉంటుంది కాబట్టి, లోపలికి గుచ్చుకుని గాలి తగలని గాయం చేస్తుంది కాబట్టి తుప్పుమేకుకి ఆ పేరు వచ్చింది. తళతళలాడే స్టెయిన్‌లెస్ చాకుకి మట్టి అంటినా ప్రమాదం అంతే. టీకా వేయించుకున్నారా, గాయం కడిగారా అన్నవే అసలు ప్రశ్నలు. పాత చాకుల మీద నల్లగా కనబడేది చాలాసార్లు తుప్పు కూడా కాదు, మామిడికాయ, నిమ్మకాయ పులుపు ఇనుము మీద వేసే మచ్చ. తుడిచి కొబ్బరినూనె చుక్క రాస్తే సరిపోతుంది.

"ఆత్మరక్షణ కోసమని చెబితే ఏమీ అనరు."

మొత్తం సందేశంలో మనిషిని నిజంగా ఇరికించేది ఇదే. పైన చెప్పిన నిర్వచనం మళ్ళీ చూడండి: దాడికో రక్షణకో ఆయుధంగా తయారైనది. రక్షణ అన్న మాట అందులోనే ఉంది. పండ్లు కోసుకోడానికో తాళ్ళు తెంపడానికో జేబులో వేసుకున్న చాకుని "ఎవరైనా మీదికొస్తే ఉంటుందని" అని చూపిస్తే, పనిముట్టు అని చెప్పుకునే అవకాశాన్ని మన నోటితోనే పోగొట్టుకున్నట్టు. బ్రిటన్‌లో ఇంకా ఖరాఖండి: ఆత్మరక్షణ కోసం కత్తి పెట్టుకోవడం తగిన కారణం కాదని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. నిజంగా పెనుగులాటే జరిగి ఎవరికైనా తెగితే, అది రెండంగుళాల చాకా పది అంగుళాల కత్తా అని పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ చూడదు. కోయడానికి పనికొచ్చే ఏ సాధనంతో గాయపరిచినా అక్కడ లెక్క ఒకటే.

సందేశంలో లేని, ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ (2024 జూలైకి ముందు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 144) కింద ఆంక్షలు పెడితే, వాటిలో కత్తులు కర్రలు పట్టుకుని తిరగడం మీద నిషేధం తరచూ ఉంటుంది. ఆ రోజుల్లో ఊరేగింపుకి పనిచాకు కూడా ఇంట్లో వదిలి వెళ్ళాలి. విమానంలో చేతిసంచిలో కుదరదు, కింద వేసే పెట్టెలో పెట్టాలి. బటన్ నొక్కితే తెరుచుకునే కత్తి ఆన్‌లైన్‌లో ఎంత చవగ్గా కనబడినా కొనొద్దు, దాంతో జరిగే పని మామూలు చాకుతోనూ జరుగుతుంది. పనికి పోయేటప్పుడు చాకుని చొక్కా జేబులో కాకుండా మిగతా సామానుతో పాటు సంచిలో పెట్టుకుంటే, దారిలో ఆపిన కానిస్టేబుల్‌కి కటింగ్ ప్లేయర్, టెస్టర్, టేపు ముందు కనబడతాయి, చాకు తర్వాత కనబడుతుంది.