రిఫైనరీ వస్తే పెట్రోలు తగ్గుద్దా?

కందుకూరు, గుడ్లూరు, ఉలవపాడు వైపు ఏ టీ కొట్టు కాడ కూర్చున్నా ఈమధ్య ఒకటే మాట, "రామాయపట్నంలో బీపీసీఎల్ (భారత్ పెట్రోలియం) రిఫైనరీ వస్తాందంట గదా, ఇంక మనకి పెట్రోలు తగ్గుద్దా సామే?" అని. జనం ఆశగా అడుగుతుంటే ఏ లీడరూ సూటిగా జవాబు చెప్పట్లేదు కాబట్టి మేమే చెప్తున్నాం, తగ్గదు.

విశాఖలో 1957 నుంచి రిఫైనరీ ఉంది, అయినా 2021లో లీటరు పెట్రోలు వంద దాటినప్పుడు విశాఖ వాళ్లకీ దాటింది, మళ్లీ కిందకి దిగలేదు. రిఫైనరీ మన గడప ముందు ఉన్నా రేటు తేల్చేది ముడిచమురు ధర, డాలరు, కేంద్రం వేసే ఎక్సైజు, ఆపైన మన రాష్ట్రం వ్యాటు. పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, లీటరుకి ఇంకో 4 రూపాయలు అదనం, 1 రూపాయి రోడ్డు సెస్సు. డీజిల్ మీద 22.25 శాతం, దానికీ ఆ 4, ఆ 1 ఉన్నాయి. ఈ శాతం కూడా ఎక్సైజు, డీలరు కమిషను కలిపిన మొత్తం మీద కడతారు, అంటే పన్ను మీద పన్ను. తడ దాటి తమిళనాడులోకి పోతే డీజిల్ నాలుగైదు రూపాయలు తక్కువ, అందుకే చెన్నై రూటు లారీలోళ్లు ఇక్కడ సరిపడా పోయించుకుని అవతల ట్యాంకు ఫుల్ చేయించుకుంటారు.

లారీ అంటే బోర్డర్ దాటుద్ది, పొలం యాడికి పోద్ది? కోతలప్పుడు కోవూరు కాడ బంకులో ఒక రైతు టీవీఎస్ బండికి రెండు క్యాన్లు కట్టుకుని వచ్చి, నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి, ఒక క్యాను నిండా, రెండోది సగానికి పోయించుకున్నాడు. మడి ఇంకా తడిగా ఉంది, చైన్ కోత మిషనే దిగాలి, దానికి గంట లెక్కన బాడుగ, డీజిల్ పెరిగినప్పుడల్లా ఆ బాడుగ పెరుగుద్ది గానీ పుట్టి వడ్లకి, అంటే 850 కిలోలకి, వచ్చే రేటు మాత్రం దళారి నోట్లోంచి ఎంత వస్తే అంతే. రొయ్యల గుంటలోళ్లదీ అదే బాధ, రాత్రి కరెంటు పోతే గుంట నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగకుండా డీజిల్ జనరేటర్ ఏసుకోవాల్సిందే, లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది.

ఆ కరెంటు పుట్టేది మాత్రం మన పక్కనే. ముత్తుకూరు మండలం నేలటూరు బొగ్గు కరెంటు ప్లాంటులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి, మూడోది 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. అంత కరెంటు తయారయ్యే చోట బూడిద ఊళ్లోళ్ల మీద పడింది, అక్కడి మత్స్యకారేతర కుటుంబాలోళ్లు నాన్ ఫిషర్‌మన్ ప్యాకేజీ, అంటే మత్స్యకారులు కానోళ్లకి ఇచ్చే పరిహారం, కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు.

ఇదంతా చూసినోళ్లు కాబట్టే ఉలవపాడు మండలం కరేడు రైతులు 2025 జూన్‌లో సోలార్ ఫ్యాక్టరీకి భూములియ్యం అని హైవే మీదకొచ్చారు. వాళ్లని అభివృద్ధి నిరోధకులు అనడం తప్పు, మేం ఒప్పుకోం. మామిడి, సరుగుడు, వేరుశనగ, ఏడాది పొడుగునా ఏదో ఒక పంట తీసే నేల అది, ఆ భూమి పోతే ఆడ కూలికి పోయే ఆడోళ్లకి రేపు పని ఏందో ఎవరూ చెప్పలేదు. అదే కనిగిరి వైపు, పీసీపల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో బయోగ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన చేసింది బీడు భూముల్లో, అక్కడ ఇంత గొడవ లేదు. మన జనం ఏం కోరుకుంటున్నారో ఈ రెండూ పక్కపక్కన పెడితేనే తెలిసిపోద్ది.

పరిశ్రమలు రావాలనే మేమూ అంటాం, మన పిల్లలు ఇంజనీరింగ్ చదివి చెన్నై, బెంగళూరు పోయి రూముల్లో ఉంటున్నారు, రామాయపట్నంలో పని దొరికితే అంతకంటే ఏం కావాలి. కాకపోతే పెట్రోలు తగ్గుద్ది అన్న భ్రమ మీద భూములకి సంతకాలు పెట్టించుకోకూడదు. డీజిల్ భారం తగ్గించాలంటే రిఫైనరీ కట్టేదాకా ఆగక్కర్లా, ముందు ఆ 4 రూపాయల అదనపు వ్యాటు ఎత్తేయమనండి, అది పూర్తిగా రాష్ట్రం చేతిలో పని. పడవలకి డీజిల్ సబ్సిడీ ఇస్తున్నట్టే కోత మిషన్లకీ ఏదో ఒక లెక్క కట్టొచ్చు.

ఇక రిఫైనరీ సంగతి. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, రిపోర్టు సారాంశం స్థానిక భాషలో పెట్టాలని 2006 నుంచి రూల్ ఉంది. ఎకరాకి ఎంత, ఇంటికి ఎన్ని ఉద్యోగాలు, ఎంత నీళ్లు యాడనుంచి తెస్తారు, పొగ ఎటు పోద్ది, ఇవన్నీ ఆ సారాంశంతో పాటే తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలి, చదువురానోళ్లకి గ్రామసభలో పైకి చదివి వినిపించాలి.