నిలదీయాల్సింది కారైకుడి కొట్లను కాదు, మన కాటాను

కారులో రామేశ్వరం వెళ్లే తెలుగువాళ్లకు తమిళనాడులోని కారైకుడి ఇప్పుడొక మజిలీ. పిళ్లయార్‌పట్టి వినాయకుడి దర్శనం, చెట్టినాడు భోజనం, ఆపైన మునీశ్వరన్ కోయిల్ వీధిలో పాత సామాన్ల కొట్లు. బర్మా టేకు స్తంభాలు, స్వీడన్ ఎనామెల్ గిన్నెలు, బెల్జియం అద్దాలు, రవివర్మ ప్రెస్సు లక్ష్మీ సరస్వతులు, ఎవరిదో తెలియని పెళ్లి ఫొటో. అన్నీ చూసొచ్చి, ‘పాపం, తాతల ఇళ్లు ఊడదీసి అమ్ముకుంటున్నారు’ అని నిట్టూరుస్తాం. ఆ జాలేదో మన మీద మనం పడటం మేలు.

జపాన్ బర్మాను ఆక్రమించాక అక్కడ ఆ మేడలు కట్టిన చెట్టియార్ల వడ్డీ వ్యాపారం కూలిన సంగతి, వాటాదారులు పెరిగి మేడలు పాడుబడిన సంగతి కొత్తవి కావు. మరి మన మండువా ఇళ్లు కూల్చినప్పుడు గంగాళాలు, గుండిగలు, మరచెంబులు ఏమయ్యాయి? చాలావరకు కాటాకెక్కాయి. కిలో లెక్కన కరిగిపోయాయి, లేదంటే స్టీలు సామాన్లకు మారకమయ్యాయి. అమ్మమ్మ పేరు కొట్టించిన బిందెకూ, చిల్లుపడ్డ బిందెకూ అక్కడ ఒకటే రేటు. కారైకుడి కొట్టాయన పుణ్యాత్ముడేమీ కాదు. కానీ ధర పెంచుకోవడానికైనా ఆ పేరును చింతపండుతో తోమి మరీ చూపిస్తాడు. ఆ లాభాపేక్షే లేకపోతే బిందె ఈపాటికి కొలిమిలో ఉండేది.

ఇలాంటి కొట్లే దొంగలకు దారి చూపిస్తాయని కొందరంటారు. భయం న్యాయమైనదే. నూరేళ్లు దాటిన కళాఖండాల వ్యాపారానికి 1972 నాటి పురావస్తువుల చట్టం లైసెన్సు అడుగుతోంది, దేశం దాటించొద్దంటోంది. గట్టిగా అమలు చేయండి. అయితే ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పం మాటేమిటి? అది పోయింది అక్కడి మ్యూజియంలోంచే. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని 2005లో కొన్నది న్యూయార్క్ బడా డీలర్ దగ్గర, తిరిగిచ్చింది 2016లో. ఈ కథలో కనబడేది వీధి కొట్టు కాదు.

అసలు జబ్బు ఇంకోటుంది. మనకు చరిత్రంటే రాజులు, గుళ్లు, శాసనాలు. వంటిల్లు అందులో లేదు. ఎనభై ఏళ్ల భోషాణం చట్టం కంటికీ ఆనదు, మన కంటికీ ఆనదు. మ్యూజియానికెళ్తే కత్తులు, నాణేలు, తలల్లేని విగ్రహాలు. శిల్పారామంలో పల్లె ఉంది, ముచ్చటగానే ఉంది, కానీ అవి బొమ్మలు! పప్పు విసిరి విసిరి అరిగిన తిరగలి చూడాలంటే ఏ రిసార్టు లాబీకో పోవాలి. అక్కడ దానిమీద పూలకుండీ పెట్టి ఉంటుంది.

హైదరాబాద్ గురువారం పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌ను ట్రాఫిక్ సమస్యగా చూడటం ఇకనైనా మానాలి. జిల్లా మ్యూజియాలకు ఏటా కాస్త కొనుగోలు సొమ్మిచ్చి, క్యూరేటర్లను గురువారం పొద్దున్నే అక్కడికి పంపండి. ఏ ఊరి వస్తువు, ఎవరింటిది అని అమ్మినవాణ్ని అడిగి రాసుకోవడానికి చేతికో పుస్తకమివ్వండి. ఏసీ హాలు తర్వాత కట్టుకోవచ్చు.