టీవీ కొనేముందు గది కొలవండి

బతుకమ్మ ఆటలు మొదలయ్యే నాటికి హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్ రోడ్డు దాకా టీవీ షాపుల్లో రద్దీ పెరుగుతుంది. భూపాలపల్లి, గోదావరిఖని కార్మికులకు సింగరేణి లాభాల వాటా చేతికందేదీ, ఎనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి రావడం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపక ముందు 30 వేలున్న టీవీ మీద 3 వేలు మిగులుతాయి. ఆ మిగిలినదానికి ఇంకో పదిహేను, ఇరవై వేల అప్పు చేర్చి డబ్బా మీద 4కే, 8కే అని రాసిన పెద్ద అంకెను కొనుక్కోవడం చాలా ఇళ్లకు దండగ ఖర్చేనని మేం భావిస్తున్నాం.

అంకెల సంగతి ముందు చూద్దాం. టీవీ బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. రెండూ గుణిస్తే మొత్తం సుమారు 20.7 లక్షలు. 4కేలో 83 లక్షలు, 8కేలో 3.3 కోట్లు. ఒక్కో మెట్టుకు నాలుగింతలు. చుక్కలు పెరిగితే బొమ్మ తేటపడుతుందన్నది నిజమే కానీ వాటిని విడివిడిగా పట్టుకోవడానికి మన కంటికి ఒక హద్దుంది. డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా సన్నని వివరాన్ని మామూలు చూపు వేరు చేయలేదు. ఆ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీని ఐదున్నర అడుగుల దూరం నుంచి, 55 అంగుళాలదాన్ని ఏడడుగుల నుంచి చూస్తే చుక్కలు కలిసిపోతాయి. అంతకన్నా వెనక కూర్చున్నవారికి 4కే ఇచ్చే అదనపు చుక్కలు ఉన్నా లేనట్టే. మన కాలనీల్లో పదడుగుల హాలుంటే సోఫా ఓ గోడకు, టీవీ ఎదుటి గోడకు ఉంటాయి. కంటికీ తెరకూ మధ్య ఎనిమిది అడుగులకు తగ్గదు. పల్లెల్లోనైతే పెద్దవాళ్లు గడప దగ్గర మంచం వాల్చుకుని చూస్తారు.

ఇంకో సంగతి. మన దేశంలో చాలా థియేటర్లలో ముప్పై నలభై అడుగుల తెర మీద పడే బొమ్మ 2కేనే, అంటే అడ్డంగా 2048, నిలువుగా 1080 చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి దాదాపు సమానం. టికెట్ కొని చూసినవాళ్లెవరూ బొమ్మ మసకగా ఉందని గొడవ చేయలేదు.

అసలు చిక్కు టీవీలోకి వచ్చే సిగ్నల్‌తోనే ఉంది. షోరూంలో తిప్పే వీడియో ఆ టీవీ గొప్పగా కనపడాలనే తీసింది. సముద్రపు చేపలు, రాత్రి నగరాలు, రంగురంగుల పూలు. వెలుగును కూడా ఆఖరి మెట్టు దాకా పెంచి పెడతారు. ఇంట్లో ఆ తెర మీదికి వచ్చేది సాయంత్రం సీరియల్, రాత్రి వార్తలు. హెచ్‌డీ కాని మామూలు (ఎస్‌డీ) ఛానల్‌లో పైనుంచి కిందికి ఉండేది 576 గీతలే. అంత చిన్న బొమ్మను 4కే తెర నిండా సాగదీయాలంటే లేని వివరాన్ని టీవీయే ఊహించి నింపుకోవాలి. చవక టీవీ ఆ పని సరిగా చేయలేదు, మొహాలు మైనం పూసినట్టు కనిపిస్తాయి. కొత్త టీవీ కన్నా పాతదే నయమని కొందరు అనడానికి కారణం ఇదే.

ఓటీటీలో 4కే సినిమాలున్నాయి, కొన్ని క్రికెట్ మ్యాచ్‌లూ వస్తున్నాయి. వాటికి నిలకడగా కనీసం 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ వేగం కావాలి, చాలాచోట్ల ఖరీదైన ప్లాన్ తీసుకోవాలి. 4కేలో గంట సినిమాకు 7 జీబీ దాకా డేటా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే సిమ్‌తో హాట్‌స్పాట్ పెట్టుకుంటే పావుగంట కూడా నడవదు. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంటి లెక్క వేరు, ఫైబర్ చేరని తండా లెక్క వేరు.

4కే వద్దని మా మాట కాదు. 43 అంగుళాల పైన ఇప్పుడు అమ్మకానికి ఉన్నవి ఎక్కువగా అవే, పాతిక ముప్పై వేలకే దొరుకుతున్నాయి. 65 అంగుళాల టీవీ పెట్టుకుని ఏడడుగుల్లో కూర్చునేవారికి తేడా కళ్లకు కడుతుంది. 32 అంగుళాల దగ్గర మాత్రం ఆ ఊసే అనవసరం. 8కేకు రూపాయి కూడా పెట్టకండి, అందులో చూడటానికి మనకు వచ్చేది దాదాపు ఏమీ లేదు. మిగిలిన డబ్బును తెర వెలుగు మీద, నలుపు నల్లగా కనిపించే ప్యానెల్ మీద, మాట స్పష్టంగా వినిపించే స్పీకర్ మీద పెడితే తేడా దూరాన కూర్చున్న తాతకు కూడా తెలుస్తుంది. ప్యానెల్ వారంటీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకోండి. ప్యానెల్ పోతే బాగుచేయించే ఖర్చుకు ఇంచుమించు కొత్త టీవీయే వస్తుంది.

వాయిదాల విషయంలో మా ఆందోళన ఎక్కువ. సున్నా వడ్డీ అన్నది అసలు లేనే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, నగదు కొనుగోలుకు ఇచ్చే తగ్గింపును ఎగ్గొట్టడంలోనో దాక్కుంటుంది. పత్తి డబ్బు మీద విత్తనాల బాకీ, పిల్లల ఫీజులు ఎదురుచూస్తుంటాయి. ఆ ఇంటివాళ్ల చేత ఏడాది వాయిదాల మీద సంతకం పెట్టించేముందు నగదు ధర ఎంత, మొత్తం కట్టేది ఎంత అన్న రెండు అంకెలూ కాగితం మీద రాసి చూపడం షాపువారి బాధ్యత. ప్రతి షోరూంలో ఒక టీవీకైనా మామూలు కేబుల్ కనెక్షన్ ఇచ్చి, ఇంట్లో వచ్చే ఛానళ్లే పెట్టి చూపాలని కూడా కోరుతున్నాం.

ఇప్పటికే కొన్నవారు ఈ సాయంత్రం టీవీ వెనక భాగం ఒకసారి చూడండి. సెట్‌టాప్ బాక్స్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు వస్తుంటే అందులో హెచ్‌డీ బొమ్మ రాదు, మీ టీవీ ఎంత పెద్దదైనా సరే. కేబుల్ ఆపరేటర్‌ను హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీఎంఐ వైరు అడగండి. రోజూ చూసే నాలుగైదు ఛానళ్లను హెచ్‌డీలోకి మార్పించుకోండి. పాత ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్న ఇంట్లో కూడా ఈ దసరాకు కొత్త బొమ్మ వస్తుంది.