గెలుపోటములతో మనకేం పని?

ఎవరు గెలుస్తారన్న దాని మీద పందెం కాయడం పాతకాలపు అలవాటు. దానికి ఆట చూడాలి, జట్ల బలాబలాలు తెలియాలి, చివరిదాకా మేలుకోవాలి. మనిషికి ఇంత శ్రమ దేనికని దయగల బుకీలు ప్రాప్ బెట్లు తెచ్చారు. ఇందులో మ్యాచ్ ఫలితంతో పన్లేదు. ఫలానా ఆటగాడు ఎన్ని పాయింట్లు చేస్తాడు, మొదటి గోల్ ఎవరిది, అంతే. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో అయితే టాస్ మీదా కాయొచ్చు. బొమ్మా బొరుసుకి విశ్లేషణ ఏముంటుందని అడక్కండి, విశ్లేషకులు నొచ్చుకుంటారు. అవకాశం సరిగ్గా సగం సగమే, కానీ 100 గెలవాలంటే తరచూ 105 దాకా కాయమంటారు. పైనున్న ఐదూ నాణేనికి కాదు, బుకీ పెద్దమనిషికి.

ఈ కళ 2017లో ఇంగ్లండ్‌లో శిఖరానికి చేరింది. ఎఫ్‌ఏ కప్ ఫుట్‌బాల్ టోర్నీలో పెద్ద క్లబ్ ఆర్సెనల్‌తో ఆడుతున్న చిన్న క్లబ్ సటన్ యునైటెడ్‌కి వేన్ షా రిజర్వ్ గోల్‌కీపర్. ఆయన టీవీలో కనబడుతూ ‘పై’ (కూరిన పేస్ట్రీ) తింటే ఒకటికి ఎనిమిది ఇస్తామంది ఓ పందేల సంస్థ. ఆయన బెంచీ దగ్గర నిలబడి తిన్నాడు. సటన్ 2-0తో ఓడింది, అదెవరికీ గుర్తులేదు. రెండు నెలల నిషేధం, 375 పౌండ్ల జరిమానా మాత్రం షాకి మిగిలాయి. రేటు కట్టిన సంస్థకీ తర్వాత జరిమానా పడింది, కానీ ఆట నుంచి గెంటింది నమిలినవాణ్ణే.

ఫ్యూచర్స్ ఓపికున్నవాళ్లకి. సీజన్ మొదట్లోనే ఛాంపియన్ పేరు చెప్పి డబ్బు కట్టేయాలి. నెలల తరబడి అది బుకీ దగ్గరే భద్రంగా ఉంటుంది. వడ్డీ అడగడం మర్యాద కాదు. రెండో వారంలో మీ స్టార్ మోకాలు దెబ్బతింటే జట్టుకి వేరే ఆటగాడు దొరుకుతాడు, మీకు వేరే టికెట్ దొరకదు. సమాన బలమున్న ఎనిమిది జట్లున్నాయనుకోండి. న్యాయమైన రేటు ఒకటికి ఏడు. బోర్డు మీద ఒకటికి ఐదే ఉంటుంది. ఎనిమిదింటి మీదా తలా వంద కాయండి. ఎవరు గెలిచినా 800కి 600 తిరిగొస్తుంది. అన్ని జట్లనూ సమానంగా ప్రేమించినందుకు 200 రుసుము.

ఈ లెక్క ఎత్తగానే ఎవరో ఒకరు లెస్టర్ సిటీ పేరు తీస్తారు. నిజమే, 2015-16 ఇంగ్లిష్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో ఒకటికి ఐదువేల రేటున్న జట్టు టైటిల్ కొట్టింది. అయితే దాని మీద కాసినవాళ్లలో కొందరు టెన్షన్ తట్టుకోలేక మధ్యలోనే క్యాష్ అవుట్ చేసుకున్నారు, అంటే బుకీ ఇచ్చిన తక్కువ సొమ్ముతో పందెం ముగించుకున్నారు. భయానికి కూడా బుకీ దగ్గర ఒక రేటుంది.

మరి ఆటగాళ్లకే ఆశ పుడితే? పుట్టింది. ఎన్‌బీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ జట్టు టొరంటో రాప్టర్స్‌లో జోంటే పోర్టర్ 2024 మార్చిలో ఒంట్లో బాగాలేదని మూడు నిమిషాలకే తప్పుకున్నాడు. ఆ రోజు అతని అంకెలు తక్కువ ఉంటాయని ఎవరో 80,000 డాలర్లు కాశారు. గెలిస్తే పది లక్షల డాలర్ల పైమాటే. ఎన్‌బీఏ అతన్ని జీవితకాలం నిషేధించింది. తర్వాత బెట్టింగ్ భాగస్వాములతో మాట్లాడి, టూ-వే (ఎన్‌బీఏకీ కింది లీగ్‌కీ మధ్య తిరిగే), పదిరోజుల ఒప్పందాల్లో ఉన్న ఆటగాళ్ల మీద ‘తక్కువ’ పందేలు ఆపించింది. అంటే చిన్న జీతగాడు సరిగా ఆడడని ఇక కాయకూడదు. పెద్ద జీతగాళ్ల మీద నిరభ్యంతరంగా కాయొచ్చు.