పగటి సీరియళ్ళను చంపింది ఓ.జె. సింప్సన్ కేసు కాదు

సోప్‌లని పిలిచే అమెరికా పగటి సీరియళ్ళ గురించి ఎక్కడ మాట వచ్చినా ఎవరో ఒకరు ఈ కథ చెప్పకుండా వదలరు. "1994 దాకా సోప్‌లకు తిరుగే లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ స్టార్ ఓ.జె. సింప్సన్ మీద పెట్టిన హత్య కేసు విచారణను లైవ్‌లో చూపించడానికి ఛానెళ్ళు నెలల తరబడి సీరియళ్ళు ఆపేశాయి. జనం నిజం కోర్టు డ్రామాకు అలవాటుపడి మళ్ళీ సీరియళ్ళ మొహం చూడలేదు. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళడం, కేబుల్ టీవీ రావడం, ఇవన్నీ తర్వాత అతికించిన సాకులు. రేటింగులు పోయాయి, ఒక్కొక్కటే మూతపడ్డాయి." వినడానికి బాగుంటుంది, ఒక్క దోషి, ఒక్క తేదీ, ఇక ఆలోచించే పనుండదు. నేనూ చాలా ఏళ్ళు నమ్మాను, నమ్మడమే కాదు ఇంకో నలుగురికి చెప్పాను కూడా. సీజన్ల వారీగా అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజు నా నోరు మూతపడింది. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"1994 దాకా తిరుగే లేదు" అన్నది మొదటి మాట. ఇది అస్సలు నిజం కాదు. టీవీ ఎవరు ఎంత చూస్తున్నారో కొలిచే నీల్సన్ సంస్థ లెక్కలో ఒక రేటింగు పాయింటు అంటే దేశంలో టీవీ ఉన్న ప్రతి వంద ఇళ్ళలో ఒకటి. 1963–64 సీజన్‌లో మొదటి స్థానంలో ఉన్న 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' రేటింగు 15.4. ఆ సీరియల్ 1950ల చివరి నుంచి ఇరవై ఏళ్ళ దాకా అదే కుర్చీలో కూర్చుంది. 1981–82లో మొదటి స్థానం 'జనరల్ హాస్పిటల్'ది, రేటింగు 11.2. సింప్సన్ కేసుకు ముందు సీజన్‌లో, అంటే 1993–94లో, నంబర్ వన్ 'ద యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్'. దాని రేటింగు ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉంది. అంటే ఓ.జె. అనే పేరు వార్తల్లోకి ఎక్కకముందే మొదటి ర్యాంకు విలువ ముప్పై ఏళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది.

మరి అప్పట్లో ఎవరూ గగ్గోలు ఎందుకు పెట్టలేదు అంటారా? నాకు ఈ వ్యవహారం మొత్తంలో బాగా నచ్చిన లెక్క ఇక్కడే ఉంది. 1963లో అమెరికాలో టీవీ ఉన్న ఇళ్ళు సుమారు 5 కోట్లు. వాటిలో 15.4 శాతం అంటే 77 లక్షల ఇళ్ళు. 1994 నాటికి టీవీ ఇళ్ళు 9 కోట్లు దాటిపోయాయి. వాటిలో ఎనిమిదిన్నర శాతం అంటే దాదాపు 80 లక్షలు. శాతం సగమైంది, చూసే ఇళ్ళు మాత్రం దాదాపు అన్నే ఉన్నాయి! దేశం పెరుగుతూ ఉంటే ఆ పెరుగుదల చాటున సీరియల్ చిక్కిపోతున్న సంగతి పైకి కనబడలేదు. 1981లో 11.2 శాతం అంటే 90 లక్షల ఇళ్ళ మాట, కాబట్టి "సోప్‌ల స్వర్ణయుగం ఏది" అన్న ప్రశ్నకు రేటింగు చూస్తే ఒక జవాబు, ఇళ్ళ సంఖ్య చూస్తే ఇంకో జవాబు వస్తాయి. 1994 మాత్రం రెండు లెక్కల్లోనూ శిఖరం కాదు.

మూతపడటం కూడా ఎప్పుడో మొదలైంది. 'లవ్ ఆఫ్ లైఫ్' 1980లో పోయింది, 'ద డాక్టర్స్' 1982 చివర్లో, 'ద ఎడ్జ్ ఆఫ్ నైట్' 1984 చివర్లో, 1951 నుంచి నడిచిన 'సర్చ్ ఫర్ టుమారో' 1986 చివర్లో, 'క్యాపిటల్' 1987లో, 'రయాన్స్ హోప్' 1989లో, 'శాంటా బార్బరా' 1993 జనవరిలో. వీటిలో ఏ ఒక్కదాని మీదా సింప్సన్ కేసు నీడ పడే వీల్లేదు.

రెండో మాట, "ఛానెళ్ళు నెలల తరబడి సీరియళ్ళు ఆపేశాయి". ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకుందాం. సింప్సన్ మాజీ భార్య, ఆమె స్నేహితుడి హత్యలు 1994 జూన్ 12న జరిగాయి. సింప్సన్ ఉన్న తెల్ల బ్రాంకో కారు వెంట పోలీసులు వెళ్ళింది జూన్ 17న. జూన్ చివర్లో మొదలై జూలై మొదటి వారంలో ముగిసిన ప్రాథమిక విచారణను పెద్ద నెట్‌వర్కులు (కేబుల్ లేకపోయినా దేశమంతా వచ్చే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ) లైవ్‌లో చూపించాయి, ఆ రోజుల్లో సీరియళ్ళు ఎగిరిపోయాయి. అది వేసవి సెలవుల కాలం, స్కూలు, కాలేజీ పిల్లలు ఇంట్లో ఉండి కొత్తగా సీరియళ్ళకు అలవాటుపడే రోజులు, కాబట్టి దెబ్బ గట్టిదే. అసలు విచారణలో ప్రారంభ వాదనలు 1995 జనవరి 24న, తీర్పు అక్టోబర్ 3న. లాస్ ఏంజిలిస్‌లో కోర్టు పొద్దున తొమ్మిదికి మొదలైతే న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు, సరిగ్గా సీరియళ్ళ వేళ. అయితే ఆ తొమ్మిది నెలల్లో రోజు మొత్తం, మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా కోర్టును చూపించింది సీఎన్ఎన్, కోర్ట్ టీవీ లాంటి కేబుల్ ఛానెళ్ళు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. ఆ సీజన్‌లో నంబర్ వన్ సీరియల్‌కు సుమారు ఒక పాయింటు పోయింది. ఒక్క ఏడాదికి అది పెద్ద నష్టమే, కాదనను.

సరే, సీరియల్ ఆపితే జనం పోతారు అన్నదే సూత్రం అనుకుందాం. అయితే 1963 నవంబర్ 22 సంగతేమిటి? ఆ మధ్యాహ్నం సీబీఎస్‌లో 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' లైవ్‌గా నడుస్తోంది. అప్పట్లో దాన్ని ముందే రికార్డు చేసేవాళ్ళు కాదు. నాన్సీ పాత్ర వేసిన హెలెన్ వాగ్నర్ ఇంట్లో తాతగారితో మాట్లాడుతోంది, థాంక్స్‌గివింగ్ భోజనానికి ఎవరిని పిలవాలన్న మామూలు ఇంటి ముచ్చట. మాట మధ్యలో తెర మీదికి బులెటిన్ కార్డు వచ్చింది, వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ గొంతు ఒక్కటే వినిపించింది, డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీ మీద కాల్పులు జరిగాయని. స్టూడియోలో నటులకు ఆ సంగతి తెలియదు, వాళ్ళు సీను చేస్తూనే ఉన్నారు. ఆ తర్వాత అంత్యక్రియలు అయ్యేదాకా నాలుగు రోజులు మామూలు కార్యక్రమాలన్నీ బంద్. ఆ సీజనే 15.4 వచ్చిన సీజన్.

నాలుగు రోజులు ఎక్కడ, తొమ్మిది నెలలు ఎక్కడ అంటారు, న్యాయమే. అయితే 1973 చూడండి. అధ్యక్షుడు నిక్సన్‌ను చుట్టుకున్న వాటర్‌గేట్ కుంభకోణం మీద సెనేట్ కమిటీ విచారణ మే 17న మొదలై ఆగస్టు మొదటి వారం దాకా సాగింది. మొదట మూడు నెట్‌వర్కులూ లైవ్ ఇచ్చాయి, తర్వాత వంతులవారీగా. ఆ వేసవంతా సీరియళ్ళ ఎపిసోడ్లు ఎగిరిపోతూనే ఉన్నాయి. అప్పటికి 'ద యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్' పుట్టి రెండు నెలలు కూడా కాలేదు, మార్చి 26న మొదలైంది. పసిగుడ్డు లాంటి సీరియల్‌కు అలాంటి వేసవి ఎదురైతే బతకకూడదు కదా, ఈ వాదన ప్రకారం. అది బతకడమే కాదు, 1988–89 నుంచి నంబర్ వన్ అయి కూర్చుంది.

మరి వాటర్‌గేట్‌కు తట్టుకున్నవి సింప్సన్‌కు ఎందుకు తడబడ్డాయి? 1973లో విచారణ బోరు కొట్టినా ఇంట్లో ఉన్నవాళ్ళకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. మూడు నెట్‌వర్కులు, మహా అయితే ఒకటో రెండో లోకల్ స్టేషన్లు. విచారణ అయిపోగానే అదే ఛానెల్‌లో అదే వేళకు తమ సీరియల్ తిరిగొచ్చింది, వాళ్ళూ అక్కడే ఉన్నారు. 1995లో చేతిలో రిమోట్ ఉంది, రిమోట్‌లో నలభై ఛానెళ్ళున్నాయి. కోర్టు వల్ల అలవాటు ఒక్కసారి తెగితే, తిరిగి రావడానికి ముందు వేరేవి చూసే అవకాశం చాలా ఉంది. అంటే దెబ్బ కొట్టింది కోర్టే అయినా, ఆ దెబ్బకు పడిపోయేంత బలహీనత ముందు నుంచీ పేరుకుంటూ వచ్చింది.

"మళ్ళీ సీరియళ్ళ మొహం చూడలేదు" అన్న మూడో మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. విచారణ అయ్యాక కూడా రెండు సీజన్ల పాటు నంబర్ వన్ రేటింగు ఏడుకు పైనే నిలబడింది. 1997లో ఎన్‌బీసీ 'సన్‌సెట్ బీచ్' మొదలుపెట్టింది, ఏబీసీ 'పోర్ట్ చార్లెస్' మొదలుపెట్టింది, 1999లో ఎన్‌బీసీ 'ప్యాషన్స్' తెచ్చింది. ప్రేక్షకులు పారిపోయారని తెలిసీ డబ్బులు పోసి కొత్తవి మొదలుపెట్టేంత అమాయకులెవరూ ఆ ఛానెళ్ళలో లేరు.

నాలుగోది, ఉద్యోగాలూ కేబులూ సాకులట. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఓ.జె. కథను కొట్టిపారేసే అవతలి పక్షం వాళ్ళు కూడా ఇక్కడ తప్పులో కాలేస్తారు. 1950లో అమెరికాలో పని చేసే వయసు ఆడవాళ్ళలో మూడింట ఒక వంతు మాత్రమే ఉద్యోగాల్లోనో, ఉద్యోగాల వెతుకులాటలోనో ఉన్నారు. 1980కి సగం దాటారు, 1990ల చివరికి అరవై శాతానికి చేరారు. పగలు ఇంట్లో ఉండేవాళ్ళే తగ్గిపోతే పగటి సీరియల్ రేటింగు తగ్గదా? తగ్గుతుంది. కానీ "ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళారు, సీరియళ్ళు పోయాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది కూడా ఓ.జె. కథకు అక్కలాంటిదే. 'జనరల్ హాస్పిటల్' శిఖరం ఎక్కింది ఆడవాళ్ళలో సగానికి పైగా ఉద్యోగాల్లో ఉన్న రోజుల్లోనే కదా.

అదెలా జరిగిందో చూడాలి. 1978లో ఆ సీరియల్ మూసేస్తారన్న స్థితిలో గ్లోరియా మాంటీ నిర్మాతగా వచ్చింది. సీన్లు చిన్నవి చేసింది, వేగం పెంచింది, కాఫీ కప్పుల ముందు కూర్చుని అరగంట బాధలు చెప్పుకునే పద్ధతి వదిలేసి కుర్రకారు కథలు, సాహసాలు పెట్టింది. కాలేజీ హాస్టళ్ళలో టీవీ గది మధ్యాహ్నం మూడింటికి నిండిపోయేది, మగపిల్లలతో సహా. 1981 నవంబర్ 16, 17 తేదీల్లో ఆ సీరియల్‌లో ల్యూక్, లారా పాత్రల పెళ్ళిని 3 కోట్ల మంది చూశారు, పెళ్ళి సీన్లో హాలీవుడ్ తార ఎలిజబెత్ టేలర్ కూడా నటించింది. ఇంటి దగ్గర గృహిణులు తగ్గుతుంటే కొత్త జనాన్ని తెచ్చుకున్నారన్న మాట. (లారాను ల్యూక్ బలాత్కరించిన కథను ప్రేమకథగా మార్చి ఆ పెళ్ళి దాకా లాక్కొచ్చారు. ఇప్పుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, అది వేరే చర్చ.) ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు వీసీఆర్‌లో రికార్డు పెట్టుకుని రాత్రి చూసుకునేవాళ్ళు.

కేబుల్ విషయంలో అయితే ఇలాంటి మెలికలేవీ లేవు. 1980లో అయిదు ఇళ్ళలో ఒకదానికి కేబుల్ ఉండేది, 1990కి సగానికి పైగా. 1986 సెప్టెంబర్ నుంచి ఓప్రా విన్‌ఫ్రీ షో దేశమంతటా. ఆ బాటలోనే ఇంకెన్నో టాక్ షోలు. ఓ.జె. కోర్టును రోజంతా చూపించిన ఛానెళ్ళేవో ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను. కేబుల్ లేకపోతే ఆ విచారణ అన్ని నెలలు అంత మందిని కట్టిపడేసేదే కాదు. మరి కేబుల్ సాకు ఎలా అవుతుందో చెప్పండి.

చివరిది, "రేటింగులు పోయాయి, మూతపడ్డాయి". సగం నిజం, కానీ అసలు విషయం డబ్బు. గంట సీరియల్ అంటే ఏడాదికి రెండు వందల యాభై దాకా కొత్త ఎపిసోడ్లు, రచయితల బృందం, పాతికకు పైగా నటులు, సెట్లు, కాస్ట్యూములు. పాతిక ఏళ్ళుగా ఉన్న నటులకు పెద్ద జీతాలు. పక్కన ఒక సోఫా, నాలుగు కప్పులు, అయిదుగురు మాటకారులు ఉంటే టాక్ షో తయారు. రెండింటికీ దాదాపు ఒకే రేటింగు వస్తే ఛానెల్ ఏది ఉంచుకుంటుంది?

'గైడింగ్ లైట్' చివరి రోజులు చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి వచ్చిన సీరియల్ అది. 2008లో ఖర్చు తగ్గించుకోవడానికి స్టూడియోలోని పెద్ద కెమెరాలు తీసేసి, చేత్తో పట్టుకునే చిన్న డిజిటల్ కెమెరాలతో న్యూజెర్సీలో పీపాక్ అనే చిన్న ఊళ్ళో నిజం ఇళ్ళ మధ్య, నిజం వీధుల్లో తీయడం మొదలుపెట్టారు. తెర వణుకుతూ ఉండేది, చూసేవాళ్ళలో చాలామందికి నచ్చలేదు. 2009 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. ఆ తర్వాత ఏడాదికి 'యాజ్ ద వరల్డ్ టర్న్స్', 2011లో 'ఆల్ మై చిల్డ్రన్', 2012 జనవరిలో 'వన్ లైఫ్ టు లివ్'. ఈ నాలుగూ పోయింది రెండున్నరేళ్ళ లోపే, అది కూడా ఓ.జె. తీర్పు వచ్చిన పద్నాలుగేళ్ళకు. 'ఆల్ మై చిల్డ్రన్' జాగాలో వంటల షో పెట్టారు.

2010లో 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' వేళను సీబీఎస్ ఇచ్చింది 'ద టాక్' అనే టాక్ షోకి. అది 2024 డిసెంబర్‌లో ముగిసింది. 2025 ఫిబ్రవరి 24 నుంచి ఆ వేళలో 'బియాండ్ ద గేట్స్' అనే గంట సీరియల్ నడుస్తోంది. నిర్మాతల్లో ఒకరు ప్రాక్టర్ అండ్ గాంబుల్, రేడియో రోజుల్లో ఈ కథల మధ్య సబ్బులు అమ్మి వీటికి సోప్ అన్న పేరు తెచ్చిపెట్టిన కంపెనీల్లో అన్నిటికంటే పెద్దది.