కండ ఒప్పుకున్నా టెండన్ ఒప్పుకోదు

జిమ్‌లో ఎవరికైనా కండ పట్టేసిందంటే 'ఫామ్ సరిగా లేదు', అంటే బరువు ఎత్తే తీరు బాగాలేదు అనేస్తారు. ఫామ్ ముఖ్యమే, కాదనను. కానీ ఫామ్ చక్కగా ఉన్నవాళ్లకీ దెబ్బలు తగులుతున్నాయి. శరీరం అలవాటు పడేలోపే బరువు పెంచేయడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి కొన్ని వారాల్లో బలం చకచకా పెరుగుతుంది. కండ అప్పటికి పెద్దగా పెరగదు. ఉన్న కండనే నాడీ వ్యవస్థ బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది, అంతే. కండ పెరగడం ఆ తర్వాత. దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ ఇంకా వెనక. దానికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి గట్టిపడటానికి నెలలు పడుతుంది. లేస్తోంది కదా అని వారం వారం ప్లేట్లు ఎక్కిస్తూ పోతే, భారమంతా ఆ వెనకబడ్డ టెండన్ మీదే పడుతుంది. కండను త్వరగా పెంచే స్టెరాయిడ్లు వాడేవాళ్లలో టెండన్లు తెగడానికి ఇదీ ఒక కారణం.

అందరూ బార్ పైకి లేపడం గురించే మాట్లాడతారు. బల్ల మీద పడుకుని బార్‌ను ఛాతీ మీద నుంచి పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో ఛాతీ కండ చిరిగేది మాత్రం ఎక్కువగా బార్ కిందికి దిగేటప్పుడే. ఆ క్షణంలో కండ సాగుతూనే బరువును ఆపాలి. అప్పుడే బార్‌ను వదిలేసినట్టు దించితే ఇక చెప్పేదేముంది! బార్‌ను నేల మీద నుంచి లేపే డెడ్‌లిఫ్ట్‌లో ఒక అరచేయి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పి పట్టుకునేవాళ్లున్నారు. మోచేతి దగ్గర బైసెప్స్ టెండన్ తెగితే సాధారణంగా ముందుకు తిప్పిన చేతికే తెగుతుంది, అందులోనూ ఆ మోచేయి కాస్త వంచి లాగితే. బార్ జారకుండా మణికట్టుకు స్ట్రాప్స్ (పట్టీలు) కట్టుకుని, రెండు అరచేతులూ వెనక్కే ఉంచి లాగడం నామోషీ ఏమీ కాదు.

వార్మప్ అంటే ట్రెడ్‌మిల్ మీద నాలుగు అడుగులు వేయడం కాదు. బెంచ్ మీద 80 కిలోలు ఎత్తాలనుకుంటే ముందు 20 కిలోల ఖాళీ బార్‌తో పదిసార్లు, తర్వాత 40తో ఐదు, 60తో మూడు, 70తో ఒక్కటి చేయండి. నిలబడి కాళ్లూ చేతులూ సాగదీసే స్ట్రెచింగ్‌ను బరువులయ్యాక పెట్టుకోవచ్చు. ముందే ఒక్కో కండను నిమిషానికి మించి సాగదీస్తే బలం కాస్త తగ్గుతుంది కూడా. నెలల గ్యాప్ తర్వాత తిరిగొచ్చినవాళ్లు పాత బరువుల జోలికి వెంటనే వెళ్లకూడదు. చేతులు గుర్తుపెట్టుకున్నంతగా టెండన్లు గుర్తుపెట్టుకోవు.

మామూలు ఒళ్లునొప్పులు మరుసటి రోజు మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా తెలిసి, తగ్గిపోతాయి. చిరుగు అలా రాదు. సెట్ మధ్యలోనే ఒక్కచోట సూదితో పొడిచినట్టు అనిపిస్తుంది. అక్కడితో ఆపేయాలి, 'ఇంకొక్క రెప్' అనే పక్కవాడి మాట వినకూడదు. టప్‌మని శబ్దం వచ్చినా, అక్కడ కమిలినా, కండ ఆకారం మారి గుంట పడినా బామ్ రాసుకుని ఆగకుండా ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పూర్తిగా తెగిన టెండన్ లోపలికి ముడుచుకుపోతుంది. వారాలు గడిచేకొద్దీ దాన్ని తిరిగి ఎముకకు కుట్టడం కష్టమవుతుంది.